జపాన్ టీ గదిలో దేవుడు లేడు, మంత్రం లేదు... మరి ఆధ్యాత్మికత ఎక్కడుంది?

సంక్షిప్తంగా: జపాన్‌లో చానొయు అనీ సాదో అనీ పిలిచే టీ సంప్రదాయానికి జెన్ బౌద్ధంతో గట్టి బంధమే ఉంది. కానీ అది బౌద్ధ పూజావిధి కాదు. 15, 16 శతాబ్దాల్లో వర్తకులు, సన్యాసులు, యోధులు కలిసి మలిచిన ఆతిథ్య పద్ధతి. దాని లోతు ఏ రహస్య సిద్ధాంతంలోనూ లేదు. గది కట్టిన తీరులో, వస్తువును పట్టుకునే క్రమంలో, అతిథీ ఆతిథేయీ ఒకరికొకరు బాధ్యులయ్యే విధానంలో ఉంది. ఈ రోజు వినిపించే "టీ అంటే జెన్" అన్న వ్యాఖ్యానంలో కొంత భాగం తరవాతి కాలాల్లో వచ్చి చేరింది.

## మాచా గిరాకీ మధ్య ఒక ప్రశ్న

2024 శరదృతువులో క్యోటో ప్రాంతంలోని పేరున్న టీ సంస్థలు కొన్ని మాచా అనే ఆకుపచ్చ టీ పొడి అమ్మకాలపై పరిమితి పెట్టాయి. ఒక్కొక్కరికి ఇన్నే అని లెక్క కట్టి ఇవ్వడం మొదలుపెట్టాయి. జపాన్ ఇళ్లలో టీ వాడకం ఒక్కసారిగా పెరగడం దీనికి కారణం కాదు. ప్రపంచమంతటా కెఫేల్లో మాచా లాటేకు, ఐస్‌క్రీమ్‌కు గిరాకీ వచ్చింది. పర్యాటకుల రద్దీ దానికి తోడైంది. హైదరాబాద్ కెఫేల మెనూల్లోనూ ఇప్పుడు మాచా కనిపిస్తోంది.

ఆ ఆకుపచ్చ పొడితో పాటు ఇంకొకటి కూడా ఫోన్లలోకి వచ్చి చేరింది. కిమోనో కట్టుకున్న మనిషి, వెదురు చిలుకు పుల్ల, వెనక మెల్లని సంగీతం, పైన "జెన్", "మైండ్‌ఫుల్‌నెస్" అన్న అక్షరాలు. చూసినవాళ్లు రెండు రకాలుగా స్పందిస్తున్నారు. కొందరికి అది ధ్యానం. కొందరికి అది ఒక కప్పు టీకి చేసే అనవసరమైన హంగామా. ఈ రెండు అభిప్రాయాలూ ఆ గదిలో నిజంగా జరిగేదాన్ని వదిలేసి మాట్లాడుతున్నాయి. కాబట్టి ముందు ఆ గదిలోకి వెళ్లాలి.

## నాలుగు గంటల్లో ఏం జరుగుతుంది

పూర్తిస్థాయి టీ సమావేశాన్ని చాజి అంటారు. అది దాదాపు నాలుగు గంటలు సాగుతుంది. పిలిచేది కొద్దిమందినే. అతిథులు ముందు రోజి అనే చిన్న తోట దారిలో నడుస్తారు. రాతి తొట్టి దగ్గర వంగి చేతులు కడుక్కుని, నోరు పుక్కిలించుకుంటారు. తరవాత నిజిరిగుచి అనే ద్వారం గుండా గదిలోకి వెళ్తారు. ఆ ద్వారం నిలువుగా, అడ్డంగా కూడా 65 సెంటీమీటర్లకు అటూఇటూగా మాత్రమే ఉంటుంది. మోకాళ్ల మీద వంగి, చేతులు చాప మీద ఆనించి జరిగితే తప్ప లోపలికి పోవడం కుదరదు. నడుముకు కత్తి ఉంటే అసలు కుదరదు. అందుకే సమురాయ్‌లు బయట అలమరలోనే కత్తులు పెట్టి వచ్చేవారు.

లోపల తొకొనొమా అనే గూడులో ఒక రాతపటం వేలాడుతుంది. చాలాసార్లు అది జెన్ సన్యాసి చేతిరాత. అతిథి మొదట దానికి నమస్కరిస్తాడు. ఆతిథేయి బొగ్గులు పేరుస్తాడు, మితమైన భోజనం పెడతాడు, మిఠాయి ఇస్తాడు. మధ్యలో అతిథులు కాసేపు తోటలోకి వెళ్లి వస్తారు. వాళ్లు తిరిగి వచ్చేసరికి రాతపటం ఉండదు, దాని చోట పూలు ఉంటాయి. అప్పుడు అసలు ఘట్టం: కొయిచా అనే చిక్కని టీ. ఆ తరవాత వాతావరణం కాస్త తేలికపడి, ఉసుచా అనే పలచని టీతో సమావేశం ముగుస్తుంది.

ఇందులో ఒక చిన్న పనిని దగ్గరగా చూస్తే చాలా అర్థమవుతుంది. ఆతిథేయి నడుముకు దోపుకున్న ఫుకుసా అనే పట్టు గుడ్డను తీసి, అంచులు సరిచూసి, మడత పెడతాడు. దానితో టీ డబ్బీ మూత తుడుస్తాడు. వెదురు చెంచాను పిడి నుంచి కొస దాకా తుడుస్తాడు. గిన్నెలో వేడినీళ్లు పోసి, చాసెన్ అనే వెదురు చిలుకు పుల్లను అందులో తడిపి, పైకెత్తి తిప్పుతూ పళ్లు విరగలేదు కదా అని చూస్తాడు. నీళ్లు ఒంపేసి, తడి నారగుడ్డతో గిన్నె అంచును చుట్టూ తుడుస్తాడు. ఇవన్నీ వెనక గదిలో అప్పటికే శుభ్రంగా కడిగి తెచ్చిన వస్తువులే. మురికి ఏమీ లేదు. అయినా అతిథి కళ్ల ముందు మళ్లీ శుద్ధి చేస్తాడు.

తెలుగువాళ్లకు ఇది అర్థం కాని సంగతి కాదు. స్నానం చేసి వచ్చినవాడే పూజకు కూర్చుని మళ్లీ ఆచమనం చేస్తాడు. దేహం మురికిగా ఉందని కాదు, ఇక మొదలుపెట్టబోయే పనికి మనసును తిప్పుకోవడానికి. టీ గదిలోనూ తుడవడం చేసే పని అదే. తేడా ఒక్కటే, చాలా పెద్ద తేడా. అక్కడ ఎదురుగా దేవుడు లేడు. ఆ శ్రద్ధంతా ఎదురుగా కూర్చున్న మనిషి కోసం. అతిథి కూడా ఊరికే కూర్చోడు, చూస్తూ ఉంటాడు. చూడటమే అతని వంతు పని.

కొయిచా తాగే పద్ధతిలో ఇది ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. తలా మూడు చెంచాల లెక్కన పొడి వేసి, కొద్దిపాటి వేడినీళ్లతో చిలకకుండా నెమ్మదిగా కలుపుతారు. అది పానీయంలా కాక చిక్కని పచ్చటి గుజ్జులా తయారవుతుంది. అందరికీ కలిపి ఒకే గిన్నె. ముఖ్య అతిథి గిన్నెను అందుకుని, దాని ముఖభాగం మీద పెదవి ఆనకుండా తిప్పుకుంటాడు. మొదటి గుక్క తాగగానే ఎలా కుదిరిందని ఆతిథేయి అడుగుతాడు. అతిథి ఇంకొన్ని గుక్కలు తాగి, పెదవి తగిలిన చోటును తుడిచి, పక్కవారికి అందిస్తాడు. తన తరవాతివాళ్లకు సరిపడా మిగిల్చాలి. గిన్నె చల్లారిపోకుండా త్వరగా పంపాలి. అంటే తాగుతున్నంతసేపూ తన రుచి గురించే కాకుండా పక్కవాడి గురించి కూడా ఆలోచించక తప్పదు. ఎవరూ ఉపన్యాసం ఇవ్వరు. ఆ పద్ధతే మనిషి చేత ఆ ఆలోచన చేయిస్తుంది.

## మఠం నుంచి జూదం దాకా, అక్కడి నుంచి వెనక్కి

ఎయిసాయ్ అనే సన్యాసి 1191లో చైనా నుంచి తిరిగివచ్చి, జెన్ సాధనతో పాటు పొడి టీ అలవాటునూ జపాన్‌లో నాటాడని చరిత్ర చెబుతుంది. చైనా మఠాల్లో టీ అప్పటికే నియమాలతో కూడిన సామూహిక ఆచారం. ధ్యానంలో నిద్ర రాకుండా ఉండటానికీ అది పనికొచ్చేది. ఎయిసాయ్ మాత్రం టీని ముఖ్యంగా ఔషధంగా ప్రచారం చేశాడు. 1214లో మద్యం ఎక్కువై అవస్థపడుతున్న షోగన్ (సైనిక పాలకుడు) సనెతొమోకు టీ ఇచ్చి కుదుటపరిచాడన్నది ప్రసిద్ధమైన సంగతి. ఎయిసాయ్ స్థాపించిన క్యోటోలోని కెన్నిన్‌జి మఠంలో ఏటా ఏప్రిల్ 20న పాతకాలపు టీ ఆచారం ఇప్పటికీ జరుగుతుంది. అక్కడ అతిథులు పొడి వేసిన గిన్నెలు పట్టుకుని కూర్చుంటే, సన్యాసులు నిలబడే వేడినీళ్లు పోసి చిలికి వెళ్తారు. చిన్న గది లేదు, ఎంచి పెట్టిన పూలు లేవు. మఠం టీకీ తరవాత వచ్చిన టీ గదికీ మధ్య దూరం ఎంతో ఈ ఒక్క ఆచారం చూస్తే తెలుస్తుంది.

ఆ మధ్య దూరంలో ఒక చిత్రమైన మలుపు ఉంది. 14వ శతాబ్దానికి టీ ప్రభువుల విలాసమైపోయింది. ఏ టీ ఏ తోటదో రుచి చూసి చెప్పే పందేలు, ఖరీదైన చైనా వస్తువుల ప్రదర్శన, మద్యం. 1336లో కొత్త షోగన్ ప్రభుత్వం ప్రకటించిన శాసనంలో ఇలాంటి టీ పందేలను తప్పుబట్టాల్సి వచ్చింది. అంటే టీ ఆధ్యాత్మికత మఠం నుంచి తిన్నగా నడిచి రాలేదు. జూదం దాకా వెళ్లిన అలవాటును వెనక్కి లాగి, కొత్తగా కట్టుకున్నది.

ఆ పని మొదలుపెట్టినవాడిగా మురాతా జుకో (1423–1502) పేరు చెబుతారు. దైతొకుజి మఠానికి చెందిన ఇక్క్యూ దగ్గర జెన్ నేర్చుకున్నాడని సంప్రదాయం. శిష్యుడికి రాసినదిగా చెప్పే ఒక చిన్న లేఖలో ఆయన, ఈ మార్గంలో అన్నిటికంటే చెడ్డవి అహంకారమూ నేనన్న పట్టుదలా అంటాడు. పైవాళ్లను చూసి అసూయపడటం, కొత్తగా చేరినవాళ్లను చిన్నచూపు చూడటం తప్పంటాడు. టీ గురించి రాసిన లేఖలో టీ రుచి మాటే లేకపోవడం గమనించాలి. ఆయన దారిని సకాయ్ రేవు పట్టణ వర్తకుడు తకెనో జోఓ, ఆయన తరవాత అదే ఊరి వర్తక కుటుంబంలో పుట్టిన సెన్ నో రిక్యూ (1522–1591) ముందుకు తీసుకెళ్లారు.

## బంగారు గది, రెండు చాపల గది

రిక్యూ మొదట ఒడా నొబునాగా, తరవాత తొయొతొమి హిదెయొషి అనే యోధ పాలకులకు టీ గురువు. దేశాన్ని కత్తితో ఏకం చేస్తున్న ఆ కాలంలో టీ వస్తువులు రాజకీయ ఆస్తులు. నొబునాగా పేరున్న గిన్నెలను, డబ్బీలను ఏరి ఏరి సేకరించి, గెలిచిన సేనానులకు బహుమతులుగా ఇచ్చేవాడు. టీ సమావేశం జరపడానికి కూడా ఆయన అనుమతి కావాల్సి వచ్చేది.

ఆ వాతావరణంలోనే రిక్యూ వాబి టీని, అంటే ఆడంబరం లేని టీ పద్ధతిని, దాని చివరి అంచు దాకా తీసుకెళ్లాడు. యమజాకీలో ఇప్పటికీ ఉన్న తైఆన్ గది ఆయన కట్టించినదిగానే జాతీయ నిధిగా కాపాడుకుంటున్నారు. అతిథుల చోటు రెండు చాపలు, అంటే సుమారు మూడున్నర చదరపు మీటర్లు. మట్టి గోడలు, మసక వెలుతురు. చోజిరో అనే కుమ్మరి చేత సారె లేకుండా చేత్తోనే మలిపించిన "రాకు" అనే రకం నల్లటి గిన్నెలు. చేపలు పట్టేవాళ్ల బుట్ట, అప్పుడే నరికిన వెదురు ముక్క పూలగుత్తికి పాత్రలయ్యాయి. ఇదే కాలంలో హిదెయొషి మడిచి మోసుకెళ్లగలిగే బంగారు టీ గది చేయించి, 1586లో చక్రవర్తి కొలువులో ప్రదర్శించాడు. ఆ వైభవపు ఏర్పాట్లలో రిక్యూ చెయ్యి కూడా ఉంది. పేదరికాన్ని ఎంచుకున్న సాధువుగా మాత్రమే ఆయన్ని చిత్రించేవాళ్లు ఈ సంగతి వదిలేస్తారు.

వాబి అంటే పేదరికాన్ని అలంకారంగా వాడుకోవడమేనా? ఈ విమర్శలో కొంత నిజముంది. కొరతను ఎంచుకోగలిగేది కలవాడే. అయితే పనితీరు చూస్తే వేరే అర్థం వస్తుంది. బంగారు గదిలో కన్ను గోడల మీదికి పోతుంది, ఆ గోడలు యజమాని పేరే చెబుతాయి. మట్టి గోడల గదిలో చూడటానికి ఏమీ లేదు కనుక కన్ను ఆవిరి మీద, చేతుల మీద, ఎదుటి మనిషి మీద నిలుస్తుంది. వస్తువుకు వెల తగ్గించడం ద్వారా శ్రద్ధకు చోటు చేయడం: రిక్యూ మార్పులన్నిటినీ కలిపే సూత్రం ఇదే.

1587 కితానో మహా టీ సమావేశంలో ఈ సూత్రం ఒక్కరోజు వీధిలోకి వచ్చింది. హోదాతో పని లేదు, ఒక కెటిల్, ఒక బకెట్, ఒక గిన్నె తెచ్చుకుంటే చాలు, టీ లేకపోతే వేయించిన ధాన్యపు పొడి అయినా సరే రావచ్చని హిదెయొషి చాటించాడు. పది రోజులు జరగాల్సింది ఒక్క రోజుతో ఆగిపోయింది. నాలుగేళ్లకు, 1591లో, అదే హిదెయొషి ఆజ్ఞతో రిక్యూ ప్రాణం తీసుకోవాల్సి వచ్చింది. దైతొకుజి ద్వారం పైఅంతస్తులో తన విగ్రహం పెట్టించుకున్నాడన్నది అప్పుడు చెప్పిన నేరాల్లో ఒకటి. అసలు కారణమేమిటో చరిత్రకారులు ఇప్పటికీ తేల్చలేదు. ఒక్కటి మాత్రం తేలిపోతుంది. చిన్న ద్వారం లోపల పాలకుడి చేత తల వంచించగలదు. బయటికి వచ్చాక అతని చేతిలోని అధికారాన్ని మాత్రం తగ్గించలేదు.

లోపలి సమానత్వమూ సంపూర్ణం కాదు. ముఖ్య అతిథి ఎవరు, ఆయన తరవాత ఎవరు అన్న వరస ఉంటుంది. రద్దయ్యేది హోదాలన్నీ కాదు, బయటి హోదాలు. వాటి చోట ఆ పూటకు మాత్రమే చెల్లే పాత్రలు వస్తాయి.

## ఇందులో జెన్ ఎంత?

"టీ, జెన్ ఒకే రుచి" అన్న మాట తరచూ వినిపిస్తుంది. రిక్యూ దైతొకుజిలో సాధన చేసినవాడే. గూట్లో వేలాడేది సన్యాసుల రాతలే. ఇంతవరకు సందేహం లేదు. అయితే రిక్యూ టీని పూర్తిగా బౌద్ధ సాధనగా చూపించే మాటలు ఎక్కువగా "నాంపోరొకు" అనే గ్రంథం నుంచి వస్తాయి. ఇది రిక్యూ శిష్యుడి రచనగా ప్రచారమైంది. కానీ వెలుగులోకి వచ్చింది రిక్యూ పోయిన నూరేళ్లకు. అది తరవాత కూర్చిన గ్రంథమేనని నేటి పరిశోధకులు ఎక్కువమంది భావిస్తున్నారు. సామరస్యం, గౌరవం, శుద్ధి, ప్రశాంతత అన్న నాలుగు సూత్రాలు కూడా రిక్యూ పేరు మీదే చెలామణీ అవుతున్నా, ఇప్పటి రూపంలో తరవాతి రచనల ద్వారానే ప్రచారం పొందాయి.

ఆధునిక ప్రపంచానికి ఈ వ్యాఖ్యానాన్ని అందించింది ఒకకురా కకుజో. 1902లో భారతదేశంలో వివేకానందుడితో కలిసి బుద్ధగయకు వెళ్లి, కలకత్తాలో టాగోర్ కుటుంబానికి సన్నిహితుడైన వ్యక్తి ఈయన. 1906లో ఇంగ్లీషులో అచ్చయిన ఆయన టీ పుస్తకం టీని ఒక ఆసియా తాత్విక దృష్టిగా పాశ్చాత్యుల ముందు నిలబెట్టింది. జపాన్ యుద్ధాలు గెలిచినప్పుడే దాన్ని నాగరిక దేశంగా గుర్తించిన పడమటి దేశాలకు అది ఒక జవాబు కూడా. కాబట్టి ఆ పుస్తకాన్ని టీ గదిలో జరిగేదానికి నివేదికగా కాక, ఒక వాదనగా చదవడం మంచిది.

16వ శతాబ్దపు టీ గదిలో బౌద్ధులే కాదు, క్రైస్తవులూ ఉన్నారు. రిక్యూ ప్రధాన శిష్యుల్లో ఒకడిగా లెక్కించే తకయమా ఉకోన్ క్రైస్తవ ప్రభువు. మతం వదలనందుకు 1614లో దేశబహిష్కారం పొంది, మరుసటి ఏడాది మనీలాలో కన్నుమూశాడు. తన ప్రార్థనకు టీ గది అనువైన చోటని ఆయన భావించినట్టు పోర్చుగీసు జెసూట్ క్రైస్తవ మతప్రచారకుడు ఝోఁవ్ రోద్రిగెస్ రాశాడు. ఒకే గిన్నె పంచుకోవడం చర్చి ప్రసాదం నుంచి వచ్చిందన్న ఊహ కూడా ఉంది కానీ, దానికి గట్టి ఆధారం లేదు. ఉకోన్ ఉదాహరణ చెప్పేది ఇంకొకటి: ఈ పద్ధతి ఒక మతవిశ్వాసాన్ని ముందుషరతుగా పెట్టదు. శ్రద్ధను మాత్రం అడుగుతుంది.

జెన్ వైపు వెతికేవాళ్లకు తెలుగు నేలతో ఒక సన్నని లంకె దొరుకుతుంది. జెన్ చెప్పుకునే భారతీయ ఆచార్యుల పరంపరలో నాగార్జునుడి పేరు ఉంది. ఏ వస్తువుకూ తనంతట తానుగా స్వభావం లేదు, అన్నీ ఒకదాని మీద ఒకటి ఆధారపడి ఉన్నవే అన్న ఆయన శూన్యతావాదం చైనా మీదుగా జపాన్ చేరింది. అంతమాత్రాన టీ గదికి మూలం కృష్ణా తీరంలో ఉందనడం అతిశయోక్తి. ఆలోచన ప్రయాణించింది. గది, గిన్నె, క్రమం జపాన్‌లోనే పుట్టాయి.

## ఒక్కసారే జరిగే కలయిక

"ఇచిగో ఇచియే", జీవితంలో ఒక్కసారే జరిగే కలయిక, అన్న మాటను స్థిరపరిచింది ఇయి నవొసుకే (1815–1860). ఈయన సన్యాసి కాడు. షోగన్ ప్రభుత్వంలో అత్యున్నత పదవిలో ఉండి, 1858లో అమెరికాతో వాణిజ్య ఒప్పందం చేయించి, ప్రత్యర్థులను కఠినంగా అణచి, చివరికి ఎదో నగరం (ఇప్పటి టోక్యో) కోట ద్వారం దగ్గర హత్యకు గురైనవాడు. అదే అతిథులు, అదే ఆతిథేయి ఎన్నిసార్లు కలిసినా ఇవాళ్టి సమావేశం మళ్లీ రాదు, కాబట్టి చిన్న విషయంలోనూ అజాగ్రత్త కూడదని ఆయన రాశాడు. అతిథులు వెళ్లగానే హడావుడిగా సర్దేయకూడదనీ, ఆతిథేయి ఒంటరిగా కెటిల్ ముందు కూర్చుని జరిగినదాన్ని తలచుకోవాలనీ చెప్పాడు.

ఇక్కడ పైకి ఒక వైరుధ్యం కనిపిస్తుంది. మళ్లీ రాని క్షణం కోసం అదే కదలికను వేలసార్లు సాధన చేయడం ఎందుకు? గుడ్డ మడవడం, గరిటె పట్టడం కొత్త విద్యార్థులు నెలల తరబడి నేర్చుకుంటారు. చాలామంది గురువులు క్లాసులో నోట్సు రాసుకోనివ్వరు, చెయ్యి గుర్తుపెట్టుకోవాలంటారు. తరవాత ఏం చేయాలన్న టెన్షన్ ఉన్నంతకాలం మనసు తన మీదే ఉంటుంది. క్రమం ఒంటికి పట్టేశాక ఎంపికల భారం తగ్గుతుంది, ఎదుటి మనిషి కనబడతాడు. నీళ్ల చప్పుడులో వేడి తేడా వినబడుతుంది. పునరావృతి ఇక్కడ స్వేచ్ఛకు అడ్డు కాదు, దారి. ధ్యానంలో శ్వాస చేసే పనిని ఇక్కడ చేతులు చేస్తాయి.

ఈ దారికి ఉన్న ప్రమాదమూ దీనిలోనే ఉంది. క్రమమే లక్ష్యమైపోవచ్చు. రిక్యూ మనవడు సోతాన్ కొడుకుల నుంచి మూడు సెన్ కుటుంబ శాఖలు ఏర్పడ్డాయి. వంశపారంపర్య పీఠాధిపతి, మెట్టు మెట్టుకూ అనుమతి పత్రం, దానికి రుసుము అనే వ్యవస్థ స్థిరపడింది. శతాబ్దాల పాటు ఈ విద్యను కాపాడింది ఆ వ్యవస్థే. ఖరీదైన కిమోనోలు, గిన్నెల మీద పేరుప్రఖ్యాతుల పోటీ కూడా దానితోనే పెరిగాయి. జుకో లేఖలో హెచ్చరించిన రోగం అదే. 18వ శతాబ్దంలో బైసావో అనే మాజీ సన్యాసి క్యోటో వీధుల్లో ఆకు టీ కాచి, ఇచ్చినంత పుచ్చుకుంటూ బతికాడు. 1755లో, వృద్ధాప్యంలో, తన టీ సామగ్రిని తానే కాల్చేశాడు, తన తరవాత అవి ఎవరి చేతుల్లోనో పడి చెడకూడదని. విచారకరమైన సంగతేమిటంటే, ఆయన్ని ఆదర్శంగా తీసుకున్న ఆకు టీ సంప్రదాయం కూడా తరవాత నియమాలూ శాఖలూ కట్టుకుంది.

## ఆధునిక కాలపు మార్పులు, ఇప్పటి ప్రభావం

1868లో షోగన్ పాలన కూలిన తరవాత పాత ప్రభువులు పోయారు, వాళ్లతో పాటే ఆదరణా పోయింది. టీని వినోదాల జాబితాలో చేర్చబోతే ఉరసెంకె శాఖ అధిపతి గెంగెన్‌సాయ్ అభ్యంతరం చెప్పాడు, ఇది నీతిమార్గమని వాదించాడు. 1872 క్యోటో ప్రదర్శనకు వచ్చే విదేశీయుల కోసం బల్ల, కుర్చీల పద్ధతి రూపొందించినవాడూ ఆయనే. అదే తరంలో బాలికల పాఠశాలల్లోకి టీ విద్య ప్రవేశించింది. అంతవరకు ప్రధానంగా మగవాళ్లదైన ఈ విద్యను ఇప్పుడు నేర్చుకునేవాళ్లలో ఎక్కువమంది స్త్రీలే. ఒకప్పటి సమురాయ్ అలంకారం పెళ్లికాని అమ్మాయిల మర్యాద శిక్షణగా మారినప్పుడు దాని తాత్విక భాగం చాలాచోట్ల పలచబడింది. అయితే ఇవాళ దాన్ని నిలబెడుతున్నది ఆ స్త్రీలే.

కోవిడ్ కాలంలో ఒకే గిన్నె పంచుకోవడం ఆగింది. ఎవరి గిన్నె వారికిచ్చే పద్ధతి తెర మీదికి వచ్చింది. అది అప్పటికప్పుడు పుట్టింది కాదు, పరిశుభ్రత భయాలతోనే నూరేళ్ల కిందట ఉరసెంకె శాఖలో రూపొందినది. రూపం మారగలదన్నదానికి ఇది మంచి సాక్ష్యం.

ఇప్పటి మాచా గిరాకీ తెచ్చే సమస్య వేరు. కొయిచాకు కావలసింది నీడపందిళ్ల కింద పెంచిన మేలురకం ఆకు. లాటేకు అంత నాణ్యత అక్కర్లేదు, కానీ పేరు కోసం మేలురకమే కొనేవాళ్లు పెరిగారు. కొత్తగా నాటిన మొక్క పూర్తి దిగుబడికి రావడానికి ఏళ్లు పడుతుంది. తిరగలి రాయి గంటకు ముప్పై, నలభై గ్రాములే విసురుతుంది. అందుకే సరఫరా వెంటనే పెరగదు. ధర పెరిగితే మొదట దెబ్బ తినేది పెద్ద కెఫేలు కావు, వారం వారం పదిమందికి నేర్పే చిన్న గురువులు.

క్యోటో వెళ్లే పర్యాటకులకు దొరికే అరగంట, ముప్పావుగంట "అనుభవం"లో సాధారణంగా పలచని టీ, మిఠాయి, ఒక ఫొటో ఉంటాయి. అది మోసమేమీ కాదు, పరిచయం. కానీ ఆ కాస్త సమయంలో బొగ్గు కణకణలాడటం, రాతపటం పోయి పూలు రావడం, గిన్నె చేతులు మారడం ఉండవు. వాటిని చూడాలనుకునేవాళ్లు ఏ శాఖ గురువు దగ్గరైనా క్లాసులో పక్కన కూర్చుని చూడటానికి అనుమతి అడగవచ్చు. అలా కూర్చోనిచ్చే గురువులు జపాన్ బయటి నగరాల్లోనూ ఉన్నారు. అక్కడ మొదటి రోజు నేర్పేది టీ చేయడం కాదు, అతిథిగా కూర్చోవడం, నమస్కరించడం, గిన్నె అందుకోవడం.